చూసిన సంచికలు, చూడని సంచికలు: తెలుగు పరిశోధనలో సార్వత్రిక విజ్ఞానం

తెలుగు సాహిత్య చరిత్రలో 'తొలి' అనే విశేషణానికి ఉన్న ఆకర్షణ మరే మాటకూ లేదు. తొలి కథ, తొలి నవల, తొలి రచయిత్రి వంటి నిర్ణయాలు చాలావరకు పాత పత్రికల ఆధారంగా జరిగినవే. ఆ పత్రికల కోసం పరిశోధకులు వెళ్లే చోట్లలో బాపట్ల జిల్లా వేటపాలెంలోని సారస్వత నికేతనం ముఖ్యమైనది. 1918లో వి.వి. శ్రేష్ఠి స్థాపించిన ఈ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. గ్రంథం అందరికీ అందాలన్న ఉద్యమం నుంచి పుట్టిన సంస్థ ఇది. అయితే అక్కడ పరిశోధకుడు సేకరించిన సమాచారం మాత్రం అతని నోటు పుస్తకాల్లోనే ఉండిపోతున్నది. ఈ వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి కథ చర్చనే తీసుకుందాం. 1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడిన గురజాడ 'దిద్దుబాటు'ను చాలాకాలం తొలి తెలుగు కథగా పరిగణించారు. తరువాత 1902లో 'హిందూసుందరి'లో వచ్చిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' చర్చలోకి వచ్చింది. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. కథ అంటే ఏమిటన్నది లక్షణానికి సంబంధించిన ప్రశ్న. దాని మీద వాదం ఎన్నాళ్లైనా సాగవచ్చు. 1910కి ముందు అటువంటి రచన ఉన్నదా లేదా అన్నది సాక్ష్యానికి సంబంధించిన ప్రశ్న. 'లేదు' అనే సమాధానానికి 'నేను చూసిన సంచికల్లో లేదు' అన్నదే నిజమైన అర్థం. ఏ సంచికలు చూశారో, ఏవి దొరకలేదో చెప్పనప్పుడు ఆ నిర్ణయాన్ని పరీక్షించే వీలు లేదు. తరువాతి పరిశోధకుడు మొదటి సంచిక నుంచి మళ్లీ వెతకవలసిందే.

2021లో యునెస్కో ఆమోదించిన సార్వత్రిక విజ్ఞాన సిఫారసు ఫలితాలతోపాటు దత్తాంశాలను, పద్ధతులను కూడా అందుబాటులో ఉంచాలని కోరింది. మానవీయ శాస్త్రాలను కూడా తన పరిధిలో చేర్చింది. అయినా తెలుగు శాఖల్లో ఇది ప్రయోగశాలల వ్యవహారమనే భావన బలంగా ఉంది. సంచికల పట్టిక, ఎత్తిరాసిన పాఠం, పాఠాంతరాల జాబితా, ముఖాముఖి ధ్వనిముద్రణ మన దత్తాంశాలు. సి.పి. బ్రౌన్ సేకరించిన రాతప్రతులు చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో నిలిచి ఉన్నందువల్లనే ఆయన పరిష్కరణలను ఈనాడు మళ్లీ పరిశీలించగలుగుతున్నాం. ఆధారం మిగిలితేనే విమర్శ సాధ్యం.

సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో నిబంధన చేసింది. శోధగంగ వల్ల ఎన్నో గ్రంథాలు కళ్లముందుకు వచ్చాయి. కానీ కళ్లకు కనిపించడం వేరు, పరిశోధనకు ఉపయోగపడటం వేరు. పాత అను ఖతుల్లో కూర్చిన పుటలో గాని, ఛాయాచిత్రంగా ఎక్కించిన పుటలో గాని తెలుగు మాటను వెతకలేం. యూనికోడ్‌లో లేని సిద్ధాంత గ్రంథం తలుపు తెరిచి దీపం వెలిగించని గది వంటిది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. శ్రమపడి సేకరించినది మరొకరు తమ పేరిట వాడుకుంటారన్న భయం విద్యార్థుల్లో ఉంది. అది నిరాధారం కాదు. అయితే తేదీతో సహా భద్రపరచిన పట్టిక ముందుగా సేకరించినది ఎవరో నిరూపిస్తుంది. పట్టా వచ్చేవరకు దానిని వెల్లడించకుండా ఉంచే ఏర్పాటు కూడా చేసుకోవచ్చు. రెండవది హక్కుల ప్రశ్న. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1905లో మరణించిన అచ్చమాంబ, 1915లో మరణించిన గురజాడ రచనలకు ఆ అడ్డంకి లేదు. ఇటీవలి రచయితల విషయంలో పూర్తి పాఠం ప్రకటించలేకపోయినా, చూసిన సంచికల పట్టిక ప్రకటించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అన్నిటినీ తెరిచి పెట్టడం సార్వత్రికత కాదు; తెరవగలిగినదాన్ని కారణం లేకుండా మూసి ఉంచకపోవడమే సార్వత్రికత.

కాబట్టి ప్రతి సిద్ధాంత గ్రంథానికీ ఒక అనుబంధం తప్పనిసరి కావాలి. పత్రిక పేరు, సంవత్సరం, సంచిక, చూసిన గ్రంథాలయం అందులో ఉండాలి. పూర్తిగా చూసినవి, పుటలు లోపించినవి, దొరకనివి వేరువేరుగా సూచించాలి. మౌఖిక పరీక్షలో పరీక్షకులు ఈ అనుబంధం మీద కూడా ప్రశ్నించాలి. పరిశోధన పత్రికల పరిశీలకులు 'తొలి' అన్న ప్రతి ప్రతిపాదనకూ దీనిని అడగాలి. అన్నిటికంటే ముందు పర్యవేక్షకులు తమ పాత పట్టికలను బయటపెట్టాలి. ఆచార్యుడు దాచుకున్నదాన్ని విద్యార్థి పంచాలనడం న్యాయం కాదు.

ఇది మనకు కొత్త కాదు. 1997లో శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు నెలకొల్పిన కథానిలయం కథలను సేకరించి, వాటి వివరాలను నమోదు చేసి, పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచింది. వ్యక్తుల పట్టుదలతో సాధ్యమైనది విశ్వవిద్యాలయాల నియమంగా మారవలసి ఉంది. వేటపాలెంలో కాగితం ఏటేటా పెళుసుబారుతుంది. ఈ రోజు ఒకరు చూసిన సంచిక రేపు మరొకరికి చూసే స్థితిలో ఉండకపోవచ్చు. అప్పుడు దానికి మిగిలే సాక్ష్యం, చూసినవారు రాసి అందరికీ ఇచ్చినదే.