రిజిస్టరుకెక్కని గురువులు

విజయనగరం సంగీత కళాశాల మాట వస్తే నా మనసు ముందుగా పోయేది గంగబాబు దగ్గరికి. అక్కడి రాజుగారి ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావుగారి కొడుకు, చూపులేని పిల్లవాడు. అతనికి సంగీతం చెప్పించాలనే 1919లో విజయరామ గజపతిరాజుగారు ఆ కళాశాల పెట్టించారంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. వయొలిన్ చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1936లో ఆ కుర్చీలోకి వచ్చారు. శాస్త్రీయ సంగీతం ఒక కులం సొత్తుగా చలామణీ అవుతున్న రోజుల్లో ఆ కులం బయటివాడు ప్రిన్సిపాల్ కావడం చిన్న సంగతి కాదు. తరువాత ఘంటసాల, సుశీల చదివింది అక్కడే.

కాలేజీ అన్నాక పేర్లు రాసే పుస్తకం ఉంటుంది. ఎవరు చేరారు, ఎవరి దగ్గర నేర్చారు అన్నది వందేళ్ల తరువాతైనా వెతుక్కోవచ్చు. గేటు దాకా రానివాళ్ల జాడ మాత్రం అందులో దొరకదు. గేటు దాకా వెళ్లినవాళ్లకూ ఒక్కోసారి తలుపు తెరుచుకోలేదు. 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయం గాయని నీనా సిమోన్‌ను చేర్చుకోలేదు. తాను నల్లపిల్ల కావడమే కారణమని ఆమె చివరిదాకా నమ్మింది. 2003లో, ఆమె పోవడానికి రెండు రోజుల ముందు, అదే విద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది. ఆమె దరఖాస్తయినా పెట్టుకుంది. మా కడప జిల్లా లింగాల పక్క పలక డప్పులు కొట్టేవాళ్లు ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టుకోగలిగారు?

అందుకే ఊళ్లలో ముసలి వాయిద్యగాళ్లు ఎదురైతే నేను మొదట పాట అడగను. "నీకు నేర్పిందెవరు తాతా?" అంటాను. మేనమామ అంటారు, మామకు జేజినాయన అంటారు. ఆ పేర్లు, ఊళ్లు, ఏ దరువు ఎవరినుంచి వచ్చిందీ నోటుబుక్కులో రాసుకుంటాను. చెక్కభజన గురువులైతే అడుగుల పేర్లు కూడా చెప్తారు; అవి రాసుకోవడానికి ఒక సాయంత్రం చాలదు. దేవళం లోపల వాయించారా, వాకిట్లోనే నిలబెట్టారా అనీ అడుగుతాను. ఆ మాట దగ్గర కొందరు తప్పించుకుంటారు. నేను వత్తిడి చేయను. చెప్పినవాళ్ల మాట మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. మెత్తన చేసి రాస్తే వాళ్లను రెండోసారి బయట నిలబెట్టినట్టే.

కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాగారికి 1998లో సంగీత కళానిధి వచ్చింది. ముస్లిం ఇంట తరతరాలుగా నిలిచిన నాదస్వరం అది. ఆ పేరు ప్రపంచానికి తెలుసు. అలా పేరు రాని ఇళ్లు మన జిల్లాలోనూ ఉన్నాయి.

కడప బ్రౌన్ గ్రంథాలయంలో తాళపత్రాలు దాచారు. పలకల వాళ్ల, సన్నాయి వాళ్ల, చెక్కభజన గురువుల పరంపరలకూ అక్కడొక బీరువా కావాలి. మండలానికొకరు పుస్తకం పట్టుకుని బయలుదేరితే చాలు, చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు.