దారం పొడవు

ఈ వారం నా ఫోను మీద ఒళ్ళు మండింది. కెనడా ఉత్తరాన బాఫిన్ దీవిలో ఉన్న ఇకాలుయిట్ నుంచి గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌కి ఎంత దూరమని అడిగాను. 820 కిలోమీటర్లు, గంటన్నర అంది. దూరాన్ని జెట్ వేగంతో భాగించి, ఎక్కి దిగడానికో అరగంట కలిపిన లెక్క అది. ఆ దారిలో అసలు విమానం ఉందా అన్నది దానికి అక్కర్లేదు.

కిలోమీటర్లంటే నాకెంత కోపమో పాత పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా తాతయ్య దూరాన్ని ఏనాడూ అంకెల్లో చెప్పేవాడు కాదు. రాములవారి గుడి కూతవేటు. వాగవతల మా మేనత్త ఊరు రెండు చుట్టలు కాలేంత. వాగు పొంగితే పట్నం మీదుగా చుట్టి వెళ్ళాలి కాబట్టి, "ఇవాళ మీ అత్త చాలా దూరంలో ఉందిరా" అనేవాడు. ఆయన కొలతలో బురదా ఉండేది, ఎడ్ల అలసటా ఉండేది.

ఆ కొలతతోనే ఫోనును నిలదీద్దామని కూర్చున్నాను. ఇకాలుయిట్‌కీ నూక్‌కీ మధ్య 2012లో వేసవి విమానం మొదలై, కొన్నేళ్ళకే ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది 2024 జూన్‌లో. అప్పటికీ నూక్ రన్‌వే 930 మీటర్లే, పెద్ద జెట్లు దిగలేవు. 2,200 మీటర్ల రన్‌వే ఆ నవంబరులో గానీ తెరవలేదు. విమానం లేని ఏళ్ళలో నూక్ నుంచి ఎదురుగా ఉన్న గట్టుకి చేరాలంటే ఐస్‌లాండుకో కోపెన్‌హేగన్‌కో తూర్పుగా పోయి, అట్లాంటిక్ దాటి వెనక్కి టొరంటో వైపు వచ్చి, ఒట్టావా నుంచి మళ్ళీ ఉత్తరానికి ఎగరాలి. మనవడి గ్లోబు మీద దారం పెట్టి చూశాను. నేరుగా రెండు సెంటీమీటర్లు లేదు. ఐస్‌లాండ్ మీదుగా చుట్టి వస్తే జానెడుకి దగ్గరై దాదాపు పదింతలైంది, ఎనిమిది వేల కిలోమీటర్లు. "చూశావా, తాతయ్యే గెలిచాడు" అని రాయబోయాను.

రాయబోతుంటే ఆయన ట్రంకుపెట్టెలో దొరికిన కాగితం గుర్తొచ్చింది. వాగు మీద వంతెన కోసం కలెక్టరుకి పెట్టుకున్న అర్జీ నకలు. అందులో చుట్టల లెక్క లేదు. "మా రెండు గ్రామముల నడుమ దూరము మైలున్నర మాత్రమే" అని ఉంది. ఆ 'మాత్రమే' కింద గీత కూడా గీశాడు.

ఇకాలుయిట్‌నీ నూక్‌నీ విడదీసే డేవిస్ జలసంధికి రెండు వైపులా ఎక్కువమంది ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యూట్లే. భాషలు చుట్టాలు, మనుషులూ చుట్టాలే. ఎంతసేపు పడుతుందో వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తాతయ్యకి మైలున్నరతో ఉన్నట్టే, 820 అన్న అంకెతో వాళ్ళకి వేరే పని ఉంది. ఫోనుని నేను తిట్టింది చాల్లెండి.