నిద్రమాత్రలు: “నిరపాయం” అనే మాట

క్రొత్త నిద్రమందు వచ్చినప్పుడెల్ల “ఇది నిరపాయమైనది” అనే మాట కూడా వెంట వస్తూ ఉన్నది. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో విమర్శించి చూడడం అవసరం.

బార్బిటాల్ నిద్ర కలిగిస్తుందని 1903లో జర్మను శాస్త్రజ్ఞులు ఎమిల్ ఫిషర్, యోసెఫ్ ఫాన్ మేరింగ్ ప్రకటించారు. ఆ తరగతి మందులు అర్ధశతాబ్దంపాటు రాజ్యమేలాయి. కాని వాటిలో నిద్ర పుట్టించే మోతాదుకూ ఊపిరిని ఆపే మోతాదుకూ మధ్య ఎడం స్వల్పం.

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అమ్మకానికి వచ్చింది. ఎక్కువగా మింగినా ప్రాణం తీయదు గనుక నిరపాయమన్నారు; వైద్యుని చీటీ లేకుండానే అమ్మారు. గర్భిణులు దానిని వాడగా వేలాది శిశువులు అవయవలోపాలతో జన్మించారు. 1961 నవంబరులో అక్కడ దాని అమ్మకం ఆగిపోయింది. అమెరికాలో మాత్రం ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి, చూపిన ఆధారాలు చాలవని అనుమతి నిరాకరించింది.

1960 నుండి బెంజోడయాజెపీన్లు వచ్చాయి. మెదడులో గాబా అనే రసాయనం నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. ఈ మందులు ఆ పనికి బలం చేకూరుస్తాయి. బార్బిట్యురేట్లతో పోల్చితే ఇవి మేలైనవే. అయితే మద్యంతో గాని, నల్లమందు జాతి నొప్పిమందులతో గాని కలిసినప్పుడు శ్వాస ప్రమాదకరంగా మందగించవచ్చును. కొన్ని వారాలలోనే శరీరం వీటికి అలవాటుపడవచ్చును. అప్పుడు హఠాత్తుగా మానితే నిద్రలేమి, ఆందోళన, ఒక్కొక్కప్పుడు మూర్ఛ కలుగుతాయి.

ఆ తరువాతి జోల్పిడెం కథ కూడా గమనింపదగినది. మరునాటి ఉదయం కూడా మందు రక్తంలో మిగిలి, వాహనం నడిపే చురుకును తగ్గిస్తున్నదని, 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్త్రీలకు దాని మోతాదును 10 మిల్లీగ్రాముల నుండి 5కు తగ్గించింది.

దీనివల్ల తేలేది ఒక్కటే. మోతాదు, కాలం, వెంట తీసుకొనే పదార్థాలు, వాడే మనిషి: ఈ నాలుగింటిని విడిచి మాత్రను మాత్రమే చూచి “నిరపాయం” అనడం అశాస్త్రీయం. ఆప్తుల మరణం వంటి దుఃఖంలో వైద్యుడు కొద్దిరోజులకు వ్రాసి ఇచ్చిన మాత్ర మేలు చేయవచ్చును. దానినే పరీక్షల ముందు నిద్రపట్టని కుమారునికి తండ్రి తన డబ్బా నుండి తీసి ఇస్తే, ఆ నాలుగూ మారిపోతాయి. మాత్ర మాత్రమే మారదు. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రలకంటె ముందుగా, నిద్రవేళలను, అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే చికిత్సనే వైద్యులు నేడు సూచిస్తున్నారు.

ఇకమీదట ఏ మందునైనా నిరపాయమని విన్నప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేయాలి: దేనితో పోల్చి? ఎవరికి? ఎన్నాళ్ళు?