గురి కుదిరితే చాలునా? షూటర్ ఆటల్లో కష్టం, కొత్తదనం

విమర్శ పాఠాల మధ్య వీడియో గేమ్ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో సాయంత్రం పూట గట్టు మీద కూర్చున్న కుర్రవాళ్లను గమనించండి. సముద్రాన్ని చూసేవారితో పాటు ఫోనులో గురి చూసేవారూ కనిపిస్తారు. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు చర్చంతా వ్యసనం, సమాచార భద్రత చుట్టూ తిరిగింది. మరుసటి ఏడాది బీజీఎంఐ పేరుతో ఆ ఆట తిరిగి వచ్చింది. ఆటగా అది ఎంత మంచిదని అడిగినవారు మాత్రం తక్కువ. ఆ ప్రశ్న అడగడం విమర్శకుల పని.

ఫస్ట్ పర్సన్ షూటర్ అంటే ఆటగాడు పాత్ర కళ్లతోనే లోకాన్ని చూస్తూ కాల్చే ఆట. (పబ్జీలో పాత్రను వెనుక నుంచి చూడటమే ఎక్కువమందికి అలవాటు, ఈ పద్ధతిని ఎంచుకునే వీలూ ఉంది.) తెరపై పాత్ర ముఖం కనబడదు, తుపాకీ పట్టిన చేతులు కనబడతాయి. సాహిత్యంలో దీనికి దగ్గరిది ఉత్తమ పురుష కథనం. అయితే కథలోని ‘నేను’ తన మనసు విప్పి చెబుతాడు. ఇక్కడి ‘నేను’కు చాలాసార్లు మనసుండదు, గురి ఉంటుంది.

ఈ ఆటలు నిజంగా కష్టమైనవేనా? ముందు ఒంటరిగా ఆడే కథాభాగాన్ని చూద్దాం. 1993 నాటి డూమ్‌లో చిక్కుదారుల్లో తాళంచెవులు వెతుక్కోవాలి, గాయపడితే మందుపెట్టె దొరకాలి. 2005లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 2లో గోడచాటున కొన్ని క్షణాలు ఆగితే గాయాలు వాటంతటవే మానిపోతాయి. తరువాతి ఆటలు చాలావరకు ఆ దారే పట్టాయి. ఎటు వెళ్లాలో గుర్తు చూపిస్తుంది, ఎప్పుడు పరుగెత్తాలో తోటి సైనికుడు అరిచి చెబుతాడు. స్థాయిని ‘కఠినం’ అని పెంచుకుంటే శత్రువు తూటాకు బలం పెరుగుతుంది గానీ, శత్రువుకు బుద్ధి అంతగా పెరగదు. నా దృష్టిలో ఇది ఓర్పుకు పరీక్ష, ఆలోచనకు కాదు.

పదిమందీ కలిసి ఆడే ఆటల సంగతి వేరు. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్ అనే ఆటకు ఇద్దరు యువకులు చేసిన మార్పుగా మొదలైంది. 2001లో చేర్చిన ‘డస్ట్ 2’ అనే రంగస్థలాన్ని ఇరవై ఏళ్లు దాటినా ఇంకా ఆడుతున్నారు. అవే సందులు, అవే తలుపులు. మరి విసుగెందుకు రాదు? మన అష్టావధానాన్ని గుర్తు చేసుకోండి. అవధానం చట్రం కూడా పాతదే. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు తరువాతి అక్షరాన్ని ఊహించి అడ్డుపడతాడు, అవధాని మరో మాటతో తప్పించుకుంటాడు. డస్ట్ 2లో ప్రత్యర్థి చేసేదీ అదే: మీరు రాబోయే దారిని ఊహించి మూసివేస్తాడు. అయితే ఈ కష్టం ఆట తయారుచేసినవారు పెట్టింది కాదు, ఎదుటి మనిషి పెట్టింది. వారు అరుగు వేశారు. ఆ మెప్పు వారికి దక్కాలి. అరుగు మీద జరిగినదానంతటికీ మెప్పు వారికే ఇవ్వడం పొరపాటు.

ఇక కొత్తదనం. కావ్యహేతువులుగా ఆలంకారికులు చెప్పిన ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసాలను మీరు చదివే ఉన్నారు. షూటర్ ఆటలు ఆటగాడి నుంచి అభ్యాసాన్ని దండిగా కోరతాయి. తయారీలో ప్రతిభ మాత్రం అరుదు. కాల్ ఆఫ్ డ్యూటీ 2005 నుంచి ఏటా ఒకటి చొప్పున వస్తోంది. తుపాకుల మెరుగు పెరిగింది, చేసే పని మారలేదు. ఈ రూపంలో కొత్తదనానికి చోటు లేదనుకుంటారేమో, ఉంది. 2007 నాటి పోర్టల్‌లో చేతిలోని తుపాకీ ఎవరినీ చంపదు, గోడలకు ద్వారాలు తెరుస్తుంది. ఒక ద్వారంలో అడుగుపెడితే రెండోదాంట్లోంచి బయటపడతాం. 2016 నాటి సూపర్‌హాట్‌లో ఆటగాడు కదిలితేనే కాలం కదులుతుంది, ఆగితే దాదాపు ఆగిపోతుంది. ఈ రెండూ చేతివేగాన్ని పక్కకు నెట్టి ఆలోచనను ముందుకు తెచ్చాయి.

మీకు వీలైతే ఆ బీచ్ రోడ్డులోనే ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియంలోకి వెళ్లి చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విరమించిన నౌక అది. లోపల కిటికీలుండవు. నీటి అడుగున కంటికి పనిలేదు. శత్రువు జాడ తెలియాలంటే చెవి ఒగ్గి వినాలి, గంటల తరబడి ఆగాలి. 1971 డిసెంబరులో ఈ తీరానికి చేరువలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆ నేపథ్యంతో 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ చిత్రంలో ఉత్కంఠ ఎక్కువగా ఆ నిరీక్షణలోంచే పుడుతుంది. జలాంతర్గామి ఆటలు లోకంలో లేకపోలేదు గానీ, షూటర్లు ఈ వినికిడిని, ఈ ఆగడాన్ని కేంద్రంగా చేసుకోవడం అరుదు. ఆ ఇరుకు గదుల్లోంచి, ఒక నావికుడి చెవులతో నడిచే ఆటను ఎవరైనా తయారుచేస్తే, అందులో కాల్చే మీటను చివరిదాకా నొక్కవలసిన అవసరమే రాకపోవచ్చు.