మఖమల్ ఆపలేని కిరణం

ఫిల్మ్ కెమెరాలు మళ్లీ చేతుల్లోకి వస్తున్నాయి. తాతగారి బీరువాలోంచి తీసిన కెమెరాలో రీలు వేసుకుని ఊళ్లు తిరిగే కుర్రకారు హైదరాబాద్‌లోనూ, విశాఖలోనూ కనిపిస్తున్నారు. వీళ్లంతా విమానాశ్రయంలో ఒకచోట మాత్రం తటపటాయిస్తారు. ట్రే ముందుకు జరుగుతుంటుంది, వెనక క్యూ తోస్తుంటుంది, చేతిలో ఇంకా కడిగించని రీళ్లు. బెల్టు మీద పెట్టాలా, వద్దా? ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ రీలు ఎలా తయారైందో, ఆ బెల్టు దూరే పెట్టెలో ఏం జరుగుతుందో తెలిస్తే జవాబు ఎవరికి వారే చెప్పుకోగలరు. పైగా రెండూ తీరిగ్గా విప్పి చూడదగ్గ పనితనాలు.

ముందు రీలు. సన్నని రేకును గొట్టంలా చుట్టి, రెండు వైపులా మూతలు నొక్కి బిగించారు. లోపల ప్లాస్టిక్ ఇరుసు. దాని ఒక కొస బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. రెండో కొసలో చిన్న అడ్డుపట్టీ. రీలు పూర్తయ్యాక వెనక్కి చుట్టేటప్పుడు కెమెరా మీట పట్టుకునేది ఆ అడ్డుపట్టీనే. గొట్టానికి ఒక పక్క నిలువునా సన్నని చీలిక, ఫిల్మ్ బయటికి వచ్చేది అందులోంచే. ఆ చీలికకు లోపలివైపు రెండు అంచులా నల్లని మఖమల్ పట్టీలు అతికించి ఉంటాయి. ఫిల్మ్ ఒక్కో ఫ్రేము చొప్పున 36 సార్లు బయటికి జరగాలి, ఆఖర్న మొత్తం ఒక్కసారే లోపలికి రావాలి. ఎక్కడా గీత పడకూడదు, వెలుతురు చుక్కైనా దూరకూడదు. దారి వదలడం, దారి మూయడం రెండూ ఒకేసారి చేయాల్సిన ఈ చిక్కు పనిని ఆ నూగు పట్టీలు ఏ కదిలే భాగమూ లేకుండా చేసేస్తాయి. కొడక్ సంస్థ 1934లో రెటీనా కెమెరాతో పాటు ఈ రీలును బజారులోకి తెచ్చింది. తొంభై ఏళ్లు దాటినా చీలికకు మఖమలే కాపలా.

రేకు మీద నలుపు, వెండి రంగు గళ్లు గమనించారా? ఒక్కో వరుసకు ఆరు చొప్పున రెండు వరుసలు. డీఎక్స్ కోడ్ అనే ఈ ఏర్పాటు 1983లో వచ్చింది. రంగు పూసిన గడి కరెంటును ఆపుతుంది, బోడి రేకు పోనిస్తుంది. కెమెరా లోపలి చిన్న స్ప్రింగు పిన్నులు ఆ గళ్లను తాకి చదువుకుంటాయి. ప్రతి వరుసలో మొదటి గడి ఉమ్మడి తీగ. పై వరుసలో మిగిలిన అయిదు గళ్లు ఫిల్మ్ స్పీడు చెబుతాయి. కింది వరుసలో మూడు గళ్లు ఎన్ని ఫొటోలు వస్తాయో, మిగతా రెండు వెలుతురు హెచ్చుతగ్గుల్ని ఫిల్మ్ ఎంతవరకు తట్టుకుంటుందో చెబుతాయి. బ్యాటరీ లేదు, చిప్పు లేదు, కాస్త రంగు పూతే. ఈ గళ్లు చెప్పే స్పీడు అంకె, అంటే ఐఎస్‌ఓ, మనకు సెక్యూరిటీ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇక లోపల చుట్టి ఉన్నది. కింద ఆసిటేట్ పొర, మందం మిల్లీమీటరులో దాదాపు ఎనిమిదో వంతు. దాని మీద జెలటిన్ పూతలు. కలర్ నెగటివ్‌లో అన్నిటికన్నా పైన నీలాన్ని పట్టే పొర, దాని కింద పసుపు జల్లెడ, ఆ కింద ఆకుపచ్చను పట్టే పొర, అట్టడుగున ఎరుపును పట్టేది. వీటిలో ఒక్కో రంగుకూ మళ్లీ వేగంగా స్పందించేవి, నిదానంగా స్పందించేవి విడివిడిగా. అన్నీ కలిపి డజను దాటిన ఈ పూతల మొత్తం మందం తలవెంట్రుకంత ఉండదు. ఇదంతా చిమ్మచీకట్లో పూయాలి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ అడుగు పొరలో కాస్త బూడిద రంగు కలపడం కూడా ఊరికే కాదు. రీలు బయటికి పొడుచుకొచ్చిన ఫిల్మ్ కొస అంచు గుండా వెలుతురు ఆ పారదర్శక పొరలోకి దూరి, లోపలి చుట్లకు పాకిపోకుండా ఆ రంగు దాన్ని దారిలోనే మింగేస్తుంది.

జెలటిన్ సంగతి ఇక్కడే చెప్పాలి. పశువుల ఎముకలూ చర్మాల నుంచి తీసే ఈ జిగురు ఒక్కోసారి గొప్ప ఫిల్మ్ ఇచ్చేది, ఒక్కోసారి మందకొడి ఫిల్మ్ ఇచ్చేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. 1920ల్లో కొడక్ శాస్త్రవేత్త శామ్యూల్ షెపర్డ్ పట్టుకున్నాడు: జెలటిన్‌లో లేశమాత్రంగా ఉన్న గంధక పదార్థాలు, పశువులు మేసిన ఆవమొక్కల నుంచి వచ్చినవి. మన ఆవపెట్టిన కూరకు ఘాటునిచ్చే కోవలోవే. ఆ తర్వాత గంధకాన్ని కొలిచి కలపడం మొదలైంది.

పూతల్లో పరిచి ఉన్న వెండి బ్రోమైడు స్ఫటికాల దగ్గరే అసలు కథ. వెలుతురు కణం ఒకటి తగిలితే స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ విడిపడుతుంది, ఒక వెండి అయాన్ దాన్ని అందుకుని వెండి పరమాణువు అవుతుంది. ఒక్కటే అయితే నిలవదు, మళ్లీ చెదిరిపోతుంది. దాదాపు నాలుగు ఒకచోట చేరితే మాత్రం నిలబడుతుంది. నెలల తర్వాత ల్యాబులో మందు నీళ్లు తగిలినప్పుడు ఆ నాలుగు పరమాణువుల మచ్చను పట్టుకుని స్ఫటికం మొత్తం నల్లని వెండిగా మారిపోతుంది. అంటే కోట్ల రెట్లు పెరగడం. నాలుగు పరమాణువులు చాలునన్న ఈ పొదుపును మించిన పనితనం యంత్రాల లోకంలో నాకైతే కనిపించలేదు.

ఆ పొదుపే ఎక్స్‌రే ముందు ముప్పవుతుంది. మామూలు వెలుతురు కణాలు కొన్ని కలిస్తేగాని స్ఫటికం లొంగదు. ఎక్స్‌రే కణానికి వాటికన్నా వేల రెట్లు శక్తి ఉంటుంది, ఒక్కటి తగిలినా చాలు. దాన్ని పట్టడంలో వెండి, బ్రోమిన్ లాంటి బరువైన పరమాణువులు దిట్టలు కూడా. అందుకే దాదాపు వందేళ్ల పాటు ఆసుపత్రి ఎక్స్‌రేలు ఎక్కువగా వెండి ఫిల్మ్ మీదే తీశారు. మన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో కెమెరా రీళ్లూ చేసేది, ఎక్స్‌రే ఫిల్ములూ చేసేది. 1896లో శాస్త్రవేత్త బెకరెల్‌కు యురేనియం కిరణాలు తెలిసింది కూడా నల్ల కాగితం చుట్టిన ఫొటో ప్లేటు నల్లబడటం వల్లే. 1945లో న్యూమెక్సికో ఎడారిలో తొలి అణుపరీక్ష రహస్యంగా జరిగితే, ఆ ధూళి గాలిలో కొట్టుకొచ్చి ఇండియానాలోని ఒక అట్టల మిల్లు నీళ్లలో కలిసింది. ఆ అట్టల మధ్య పెట్టిన కొడక్ ఎక్స్‌రే ఫిల్ముల మీద మచ్చలు పడ్డాయి. కంపెనీలోని జూలియన్ వెబ్ ఆ మచ్చల వెంట పడి, కారణం అణుబాంబేనని తేల్చాడు. ఎవరూ చెప్పని సంగతిని ఫిల్మ్ చెప్పింది.

ఇప్పుడు బెల్టు దూరే పెట్టె. లోపల ఎక్స్‌రే గొట్టం ముందు సన్నని చీలికున్న లోహపు అడ్డు ఉంటుంది. కిరణాలు అందులోంచి పలుచని తెరలా వస్తాయి. బ్యాగు ఆ తెరలోంచి జరుగుతుంటే, అవతల వరుసగా అమర్చిన గ్రాహకాలు గీత తర్వాత గీత నమోదు చేసి బొమ్మ అల్లుతాయి. బ్యాగులోని ఏ భాగమైనా కిరణాల్లో ఉండేది ఆ తెర దాటే క్షణమే. గ్రాహకాలు రెండు వరుసలు, మధ్యలో రాగి రేకు. ముందు వరుస బలహీన కిరణాల్ని లెక్కపెడుతుంది, రేకు దాటి వచ్చిన బలమైన వాటిని వెనక వరుస లెక్కపెడుతుంది. రెండు లెక్కల తేడాను బట్టి ఎదురుగా ఉన్నది తేలిక పరమాణువులదా, బరువైన వాటిదా అని యంత్రం తేల్చి రంగులు వేస్తుంది: తిండి, బట్టలు, సబ్బు నారింజ; లోహాలు నీలం; మధ్యస్థమైనవి ఆకుపచ్చ. బరువైన పరమాణువులు ఎక్స్‌రేను ఎక్కువగా మింగుతాయన్న ఒక్క సూత్రం మీదే ఈ యంత్రం కత్తికీ సబ్బుకూ తేడా కనిపెడుతోంది. ఫిల్మ్‌లో వెండి ఎక్స్‌రేకు దొరికిపోయేదీ సరిగ్గా అదే సూత్రం వల్ల. మఖమల్ కాపలా ఇక్కడ చెల్లదు. ఆ పలుచని రేకు ఈ కిరణాలకు అడ్డే కాదు.

అయినా ఈ పాత తరహా యంత్రం చేసే హాని తక్కువ. ఐఎస్‌ఓ 100, 200, 400 రీళ్లు కొద్దిసార్లు దాని గుండా వెళ్లినా కంటికి తేడా తెలియదు. 800, ఆపైన జాగ్రత్త పడాలి. స్పీడు ఎక్కువంటే స్ఫటికాలు పెద్దవి, పెద్దవి ఎక్కువ పడతాయి. ఇంకో మెలిక, ఈ హాని కూడుతూ పోతుంది. రెండు విమానాలు మారితే రెండుసార్లు. ఫలితం నీడల్లో తెలుస్తుంది: నల్లగా ఉండాల్సిన చోట బూడిద మసక, ఇసుక చల్లినట్టు గరుకు.

సీటీ యంత్రాల సంగతి వేరు. ఎక్స్‌రే గొట్టం బ్యాగు చుట్టూ గిర్రున తిరుగుతూ అన్ని వైపుల నుంచీ ముక్కలు ముక్కలుగా చూస్తుంది. మోతాదు చాలా పెరుగుతుంది. కొడక్, ఇల్ఫర్డ్ ఫిల్మ్ వాళ్లు ఏ స్పీడు రీలునైనా వీటిలో పెట్టొద్దనే చెబుతున్నారు. అమెరికా, బ్రిటన్‌లలో హ్యాండ్ బ్యాగేజీకి కూడా ఇవి వచ్చేశాయి, మన దేశంలోనూ పెద్ద విమానాశ్రయాలకు ఇవి రావాలని పౌర విమానయాన భద్రతా సంస్థ ఆదేశించింది.

చెక్-ఇన్ లగేజీకి అయితే 1990ల నుంచే ఈ తరహా యంత్రాలున్నాయి. అప్పటి సీటీఎక్స్ యంత్రం ముందు సామాను మొత్తాన్ని తేలికపాటి కిరణాలతో చూసేది, అనుమానం తగిలిన చోట సెంటీమీటరు వెడల్పు బలమైన కిరణం ప్రయోగించేది. అది రీలు మీద పడితే మిగిలే గుర్తు చూడాల్సిందే. కిరణం పోయేది ఒకే దారిన, ఫిల్మ్ మాత్రం చుట్లు చుట్లుగా ఉంది. అంటే ఒక్కో చుట్టులో రెండు చోట్ల తగులుతుంది. విప్పి చూస్తే మసక పట్టీలు వరుసగా కనిపిస్తాయి, బయటి చుట్లలో ఎడంగా, లోపలికి పోయేకొద్దీ దగ్గరగా. రీలు ఏటవాలుగా ఉండి ఉంటే పట్టీ అలలా వంకర తిరుగుతుంది. కొవ్వొత్తికి కాగితం చుట్టి ఏటవాలుగా కోసి, కాగితం విప్పితే అంచు అలగా రాదూ, అలాగే. పోయిన రీలును చూసి కూడా లెక్క తప్పలేదే అని ముచ్చటపడాల్సి వస్తుంది.

రీళ్లకు రక్షణగా వాడే సీసపు సంచుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. యంత్రం తెర మీద అలాంటి సంచి లోపలేముందో కనిపించని మచ్చలా వస్తుంది, అలాంటి మచ్చను చూసి ఏ అధికారీ ఊరుకోడు. ఎలాగూ బ్యాగు విప్పిస్తారు. ఆ విప్పడమేదో మనమే ముందుగా అడిగితే సరిపోతుంది. ఫిల్మ్ మీద సినిమాలు తీసిన రోజుల్లో విదేశాల నుంచి పాటలు తీసుకొచ్చే యూనిట్లకు ఇది ఇంకా పెద్ద తంటా. టేపు వేసిన 400 అడుగుల నెగటివ్ డబ్బాను తెరిస్తే తీసిందంతా పోయినట్టే.

రీలు తెరవనక్కర్లేకుండా చేసే తనిఖీ ఒకటుంది. చిన్న గుడ్డ పట్టీతో రేకు మీద రుద్ది, పక్కనున్న యంత్రంలో పెడతారు. యంత్రం పట్టీని వేడిచేసి, దానికి అంటుకున్న దాన్ని ఆవిరి చేస్తుంది. ఆవిరిలోని అణువులకు విద్యుదావేశం ఇచ్చి గొట్టం గుండా పరుగెత్తిస్తుంది. చిన్నవి ముందు చేరతాయి, పెద్దవి ఆలస్యంగా. ఎవరు ఎప్పుడు చేరారన్న లెక్కను బట్టి పేలుడు పదార్థాల జాడ ఉందో లేదో కొన్ని సెకన్లలో చెబుతుంది. రీలును ఎక్స్‌రేకు చూపించకుండానే భద్రత తీరిపోయింది.

కాబట్టి రీళ్లను అట్టపెట్టెల్లోంచి తీసేయండి, నల్ల డబ్బీలుంటే అవీ తీసేసి పారదర్శకమైన జిప్ కవరులో వేయండి. చెక్-ఇన్ సామానులో ఎప్పుడూ పెట్టొద్దు. కెమెరాలో సగం వాడిన రీలుంటే కెమెరా కూడా చేతికివ్వండి. క్యూ పలుచగా ఉండేలా ముందే చేరుకుని, సీఐఎస్‌ఎఫ్ సిబ్బందిని మర్యాదగా అడగండి; చాలామంది హిందీ వాళ్లే, రెండు వాక్యాలు సిద్ధం చేసుకుంటే మంచిది. ఒప్పుకోవడం ఆ పూట అధికారి చేతిలో ఉంటుంది. అమెరికాలో అడిగితే చేతితో తనిఖీ చేయించుకోవచ్చని అక్కడి విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్ఏనే చెబుతోంది. కాదన్నచోట ఏ యంత్రమో అడిగి తెలుసుకోండి: పాతదైతే 400 వరకు దిగులు పడక్కర్లేదు. కడిగిన నెగటివ్‌లను ఏ స్కానరూ ఏమీ చేయలేదు గనక, వీలుంటే వెళ్లిన ఊళ్లోనే కడిగించుకుని రండి.