గోలీలు వేస్కుంటున్నవా?

పెద్దేముల్ మండలంలో ఏఎన్‌ఎంకు బుధవారం, శనివారం టీకాలకే సరిపోతాయి. మిగతా రోజులు బాలింతలు, టీబీ మందులు, బీపీ, షుగర్, తండాల తిరుగుడు. మైదాన ప్రాంతంలో 5,000 మందికో ఉపకేంద్రమని లెక్క. ఆ 5,000 మందిలో ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో ఆమెకు తెలుసు. చిక్కంతా ఆ తెలియడంతోనే.

సూపర్‌వైజర్‌గా ఏఎన్‌ఎం వెంట నడుస్తున్నప్పుడు నేను ముందు గమనించేది గొంతు. "గోలీలు వేస్కుంటున్నవా?" అని అడిగి, జవాబు రాకముందే రిజిస్టర్లో టిక్కు పెట్టేస్తుంటే ఆ పిల్ల అలసిపోయిందని అర్థం. బీపీ పట్టీ విప్పినా ముసలమ్మ చెయ్యి తీయదు. "బీపీ గురించి గాదు సిస్టరమ్మా, రాత్రి నిద్ర పడ్తలేదు. కొడుకు మాట్లాడ్తలేడు" అంటుంది. దానికి సంచిలో గోలీ లేదు, రిజిస్టర్లో గడీ లేదు. సాయంత్రందాకా ఇలాంటివి విని ఏఎన్‌ఎం ఇంటికెళ్లి సొంత పిల్లల మీద అరుస్తుంది.

1992లో కార్లా జాయిన్సన్ అమెరికాలో నర్సుల పత్రికలో, ఇతరుల బాధ మోసీ మోసీ వచ్చే ఈ అలసటను కంపాషన్ ఫెటీగ్ అని రాశారు. ఆమె చూసింది ఆస్పత్రి నర్సులను. వాళ్లకు డ్యూటీ దిగాక దాటడానికి ఒక గేటుంటుంది. మావాళ్లను తాండూరు బస్సులో పక్క సీటామె కూడా పిల్లాడి జ్వరం గురించే అడుగుతుంది. నిన్న పోయినామె ఇంటి ముందు నుంచే ఇవాళ టీకాల డబ్బా పట్టుకుని నడవాలి.

ధ్యానం చేయమని శిక్షణల్లో చెప్తారు. చేస్తాం, ఆ గంట ఎవరిస్తారో కూడా చెప్తే. 2023 ఆగస్టులో కాంట్రాక్టు మీదున్న రెండో ఏఎన్‌ఎంలు తమను రెగ్యులర్ చేయమని సమ్మెకు దిగారు. ఉద్యోగానికే భరోసా లేనామెను మనసు కుదుట పెట్టుకోమనడం నాకు చేతకాదు.

మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు పోయే పాలియేటివ్ కేర్ వాళ్లు 'ఆలన' బండిలో జట్టుగా వెళ్తారు. తిరుగు దారిలో చెప్పుకోవడానికి పక్కన మనిషుంటుంది. మాకు ఆశ కార్యకర్త తోడొస్తుంది నిజమే, కానీ ఆమెది ఆ ఊరే. పోయినామె ఆమెకు చుట్టం.

పీహెచ్‌సీ రివ్యూలో కాన్పులెన్ని, ఎంట్రీలెన్ని అని నెలనెలా అడుగుతారు. ఆ రోజు ఒక్క అరగంట రిజిస్టర్లు మూసి, ఈ నెల ఏ ఇంటికి పోవడానికి కాళ్లాడలేదో చెప్పుకోనివ్వాలి. మెడికల్ ఆఫీసరూ చెప్పాలి. ఆయనకూ అట్లాంటి ఇళ్లుంటాయి.