ఇరవై ఏళ్ల పెట్టెకు కొత్త డ్రైవర్

మోటు కంపెనీ 828 అనే ఆడియో పెట్టెను 2001లో మార్కెట్లోకి తెచ్చింది. మైకు దానికి తగిలిస్తే చాలు, ఫైర్‌వైర్ కేబుల్ మీదుగా పాట కంప్యూటర్లోకి చేరేది. లినక్స్ మూలభాగమైన కెర్నెల్లో దానికి డ్రైవర్ చేరింది మాత్రం 2021లో! రాసినవారు జపాన్‌కు చెందిన తకాషి సకామోతో.

పనితనం చూడాలంటే లెక్కలోకి దిగాలి. ఫైర్‌వైర్‌లో ప్యాకెట్లు సెకనుకు 8,000 విడతలుగా నడుస్తాయి. సీడీ నాణ్యతకు సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు) కావాలి. భాగిస్తే విడతకు 5.5125. అర శాంపిల్ పంపడం కుదరదు కనుక, ఉదాహరణకు, ఓసారి 5, ఓసారి 6 చొప్పున పంపాలి. కాగితం మీద సులువే. కానీ పెట్టెలోని గడియారమూ కంప్యూటర్ గడియారమూ ఒక్కలా నడవవు. ఆ కాస్త తేడా పోగుపడితే ధ్వని చెడుతుంది. లినక్స్ 5.14 వెర్షన్‌లో సకామోతో ఏంచేశారంటే, పెట్టె నుంచి వచ్చే ప్యాకెట్లలో ఎన్నేసి శాంపిళ్లున్నాయో, వాటి సమయం ఎంతో గుర్తుపెట్టుకుని, తిరిగి పంపేటప్పుడు అదే వరసను అనుసరించేలా డ్రైవర్లను మార్చారు. తబలా ఆయన సొంత నడక మానేసి గాయకుడి నడక పట్టుకున్నట్టు. ఇంత చిన్న ఆలోచన ముందే ఎందుకు తట్టలేదో అనిపిస్తుంది. మంచి పనంతా అలాగే అనిపిస్తుంది లెండి.

ఇంకొకటి. కెర్నెల్లో ధ్వని ప్రవాహం పని మాత్రమే ఉంచి, వాల్యూమ్ బటన్లు, మిక్సర్ల వ్యవహారాన్ని బయట రస్ట్ భాషలో రాసిన వేరే ప్రోగ్రాములకు అప్పగించారు. బటన్ దగ్గర తప్పు దొర్లినా కెర్నెల్ జోలికి రాదు.

2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోలో ఆపిల్ ఫైర్‌వైర్‌ను తీసేసింది. సకామోతో మాత్రం 2023లోనే లినక్స్ ఫైర్‌వైర్ విభాగం బాధ్యత తీసుకుంటూ, 2029 వరకు చూసుకుంటానని గడువు చెప్పేశారు. ఎప్పటికీ ఉంటానని ఊరించడం కన్నా ఇదే నాకు నచ్చింది.

పద్యనాటకాల తెనాలిలోనో, కొల్లూరు, రేపల్లెల్లోనో ఎవరి బీరువాలోనైనా ఇలాంటి పెట్టె ఉంటే, ముందు ఆ మోడల్‌కు డ్రైవర్ ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే, ఫైర్‌వైర్ కార్డు పట్టే డెస్క్‌టాప్, అందులో లినక్స్ ఉంటే సరి. కొత్త ల్యాప్‌టాప్‌తో మాత్రం తిప్పలు తప్పవు.